ఎవరి తాలూకు?

నాలుగేళ్ళ క్రితం మాట. డిగ్రీ పిల్లలకి 'కన్యాశుల్కం' చెబుతున్నాను. చివరి రంగం పూర్తయింది. గిరీశం ఎత్తు పారలేదు. సౌజన్యారావు పంతులుగారు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేశారు. ఇక పుస్తకం మూసేద్దాం అనుకుంటుండగా వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "పూనా వెళ్ళాక బుచ్చమ్మ ఎక్కడుంది మేడమ్? ఎన్నాళ్ళు ఉండనిచ్చారు?" అని అడిగింది.

క్లాసంతా నవ్వింది. నాటకంలో లేనిది మనకెందుకమ్మా అని నేనూ నవ్వేసి, హాజరు పట్టీ తీసుకుని బయటికొచ్చేశాను.

ఆ ఏడాది వేసవి సెలవులకి హాస్టల్ మెస్సు మూసేసిన రోజు సాయంత్రం, అదే అమ్మాయి ఒక బ్యాగూ ఒక ప్లాస్టిక్ బకెట్టూ పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది. ఇంటికి వెళ్తే మేనమామతో పెళ్ళి. వెళ్ళకపోతే ఎక్కడికి వెళ్ళాలో తెలీదు. ఇరవయ్యేళ్ళ పిల్ల. "అమ్మ మంచిదే మేడమ్. కానీ ఆమెకీ వేరే ఇల్లు లేదు కదా" అంది.

ఆ రాత్రీ మర్నాడూ చాలామందికి ఫోన్లు చేశాను. హాస్టళ్ళకి, స్నేహితులకి, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే వాళ్ళకి. అందరూ మర్యాదగానే మాట్లాడారు. కానీ అందరి దగ్గరా మొదటి ప్రశ్న ఒక్కటే. ఆ పిల్లకి ఏం కావాలి అని కాదు, ఆ పిల్ల ఎవరి తాలూకు అని. తండ్రి ఎవరు, పెళ్ళయిందా, మొగుడు వదిలేశాడా, ఏమిట్లు, మీకేమవుతుంది. మనం చెప్పే జవాబుని బట్టి తలుపు తెరుచుకోవడమో తెరుచుకోకపోవడమో జరుగుతుంది.

ఈ ప్రశ్న వయసెంత అని ఆ తర్వాత వెతుక్కుంటూ వెళ్ళాను. మన సంస్కరణోద్యమ చరిత్రను పెళ్ళిళ్ళ చరిత్రగా, చదువుల చరిత్రగా చాలాసార్లు రాసుకున్నాం. ఆ పెళ్ళికి ముందు రాత్రి, ఆ చదువు సాగిన నాలుగేళ్ళూ ఆ పిల్లలు ఎవరి కప్పు కింద పడుకున్నారు, ఆ కప్పుకి ఏ అద్దె చెల్లించారు అన్న కోణం నుంచి చూసినప్పుడు అదే చరిత్ర ఇంకోలా కనిపిస్తుంది. క్లాసులో ఆ అమ్మాయి అడిగినదానికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు ఇది.

* * *

ముందు బుచ్చమ్మ సంగతి. 'కన్యాశుల్కం' మొదటి రూపం 1892లో ప్రదర్శనకి వచ్చి 1897లో అచ్చయింది. మనం పాఠంగా చెప్పేది 1909 నాటి రెండో రూపం. అప్పటికి పూనాలో వితంతు శరణాలయం అంటే జనానికి గుర్తొచ్చేది ధోండో కేశవ్ కర్వే 1896లో స్థాపించినదే. 1900లో అది ఊరి బయట హింగణేకి మారింది. నాటకంలోంచి లేచి రైలెక్కి ఉంటే బుచ్చమ్మ దిగవలసిన చోటు బహుశా అదే.

కర్వే కంటే ముందు అక్కడ పండిత రమాబాయి ఉంది. 1889 మార్చిలో ఆమె బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. ఆ మరుసటేడు అది పూనాకి మారింది. అందులో చేరిన తొలి వితంతు విద్యార్థిని గోదూబాయి. 1893లో గోదూబాయిని పెళ్ళి చేసుకున్నందుకే కర్వేను సొంత ఊరు మురుద్ వెలివేసింది. అదే సంవత్సరం శారదా సదన్‌కి పెద్ద దెబ్బ తగిలింది. క్రైస్తవురాలైన రమాబాయి తమ పిల్లల్ని ఆ మతం వైపు తిప్పుతోందన్న ఆరోపణతో చాలామంది సంరక్షకులు పిల్లల్ని సదన్ నుంచి తీసుకెళ్ళిపోయారు.

నాకు ఈ ఘట్టం దగ్గర ఆగాలనిపిస్తుంది. మతం మార్పిడి వాదోపవాదాలు చాలా చదివాం. కానీ ఆ వెనక్కి వెళ్ళిన ఆడపిల్లలు వెళ్తామన్నారా, ఉంటామన్నారా? ఆ ప్రశ్న వాళ్ళని అడగవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు. వాళ్ళు ఎవరి తాలూకో వాళ్ళు వచ్చారు, తీసుకెళ్ళారు. అంతే. రమాబాయి ఆ తర్వాత 1896-97 కరువులో మధ్య పరగణాల నుంచి దిక్కులేని పిల్లల్ని తెచ్చి కేడ్‌గావ్‌లో పెట్టుకుంది. ముక్తి సదనం అలా పెరిగింది. వీళ్ళని తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. ఎందుకంటే వీళ్ళు ఎవరి తాలూకూ కాదు.

శారదా సదన్ అనుభవం తర్వాత వచ్చిన కర్వే శరణాలయం ఆ గొడవల్లో పడకుండా జాగ్రత్తగా నడుచుకుంది. హిందూ సంస్థగా, ఆచారం తప్పనిదిగా, పునర్వివాహం కంటే చదువుకి ప్రాధాన్యమిచ్చేదిగా తనని తాను నిలబెట్టుకుంది. చాలాకాలం పై కులాల వితంతువులకే తలుపు తెరిచింది. గోదూబాయి తోబుట్టువు పార్వతీబాయి అథవలే, ఆమే వితంతువు, ఊరూరా తిరిగి దానికోసం విరాళాలు తెచ్చింది. ఆ చందాలు ఇచ్చేవాళ్ళు ఇబ్బంది పడని విధంగానే శరణాలయం ఉండాలి. లోపలి పిల్లల బతుకు ఎలా ఉండాలో బయటి దాతల మనశ్శాంతి నిర్ణయించడం అప్పుడే మొదలైంది.

కాబట్టి బుచ్చమ్మకి పూనాలో చోటు దొరికి ఉండేది. అగ్నిహోత్రావధాన్లు కూతురు కాబట్టి. అదే కథలో మధురవాణి ఆ తలుపు తట్టి ఉంటే?

* * *

మన వైపు వద్దాం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారి చేతుల మీదుగా మొదటి వితంతు వివాహం జరిగింది. వధువు తిరువూరు ప్రాంతం నుంచి వచ్చిన బాల వితంతువు గౌరమ్మ. వరుడు గోగులపాటి శ్రీరాములు. నాలుగు రోజులకే రెండో పెళ్ళి. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. ఇదంతా బళ్ళో చదువుకున్నదే.

బళ్ళో అంతగా చెప్పనిది రాజ్యలక్ష్మమ్మ వంటిల్లు. వెలి పడ్డాక వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. ఆమె స్వయంగా గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి ఆ పెళ్ళివాళ్ళందరికీ వండి పెట్టింది. తర్వాత కూడా ఇంట్లోంచి తప్పించుకొచ్చిన పిల్లలు దిగేది ఆ ఇంట్లోనే. శరణాలయం అనే బోర్డు రాకముందే ఆమె వంటిల్లు శరణాలయం. హితకారిణీ సమాజం, దాని ఆస్తులు, దాని బళ్ళు ఇవన్నీ పుట్టడానికి చాలా ముందు ఒక ఆడమనిషి నడుము మీద బిందె ఉంది. సంస్థల చరిత్ర ట్రస్టు దస్తావేజుతో మొదలుపెడితే ఈ బిందె జమాఖర్చుల్లోకి రాదు.

అయితే ఒకటి చెప్పుకోవాలి. ఆ ఇంట్లో పిల్ల ఉండేది పెళ్ళి కుదిరేదాకా. ఇది వీరేశలింగం గారిని తక్కువ చేయడానికి అనడం లేదు. ఆ రోజుల్లో వైధవ్యం పడిన పిల్లకి తిండికీ, గౌరవానికీ ఇంకో దారి ఉందని ఆయన కూడా తొలినాళ్ళలో ఊహించలేకపోయాడు. ఒక మగవాడి తాలూకు కాకుండా పోయిన పిల్లని ఇంకో మగవాడి తాలూకు చేస్తే సమస్య తీరినట్టు. మధ్యలో ఉన్న ఇల్లు రైల్వే స్టేషన్‌లో వెయిటింగ్ రూము లాంటిది. పెళ్ళి వద్దు, ఇక్కడే ఉండి చదువుకుంటాను అన్న పిల్లకి ఆ గదిలో ఎన్నాళ్ళు చోటుంటుంది? ఎన్నాళ్ళు ఉండనిచ్చారు మేడమ్ అన్న ప్రశ్న ఇక్కడ వచ్చి గుచ్చుకుంటుంది.

ఈ వెయిటింగ్ రూముని కాస్త సొంత గదిలా మార్చింది వితంతువులే. చెన్నపట్నంలో బాల వితంతువు సుబ్బలక్ష్మి 1911లో పట్టభద్రురాలయింది. ఆ ప్రెసిడెన్సీలో డిగ్రీ అందుకున్న తొలి హిందూ వితంతువు. మరుసటేడే నలుగురైదుగురు పిల్లలతో ఒక ఇంట్లో బస మొదలుపెట్టింది. అది పెరిగి పెరిగి మెరీనా తీరాన ఐస్‌హౌస్‌కి చేరింది. అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మంచుగడ్డల్ని దాచడానికి కట్టిన భవనం అది. అందులో చదివిన పిల్లలు పెళ్ళికూతుళ్ళుగా కాక టీచర్లుగా బయటికి వచ్చారు. జీతం అనేది ఒక కప్పు అవుతుందని సిస్టర్ సుబ్బలక్ష్మి చూపించింది. కానీ ఆ ఇంటి పేరులోనే కులం ఉంది. అది బ్రాహ్మణ వితంతు శరణాలయం.

* * *

తలుపు దగ్గర కులం అడిగినప్పుడు ఏమవుతుందో ఇంకో కథ చెబుతుంది. 1930 ప్రాంతంలో దేవదాసీ వృత్తిలోకి వెళ్ళనని ఇంటి నుంచి వచ్చేసిన అమ్మాయిలు కొందరు మద్రాసులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ఇంటికి వచ్చారు. ఆ దురాచారాన్ని రద్దు చేయాలని శాసనమండలిలో పోరాడుతున్న మనిషి కదా, ఆమె దగ్గరికి కాక ఎవరి దగ్గరికి వెళ్తారు? ఆమె వాళ్ళకోసం ఊళ్ళో ఉన్న హాస్టళ్ళని అడిగింది. బ్రాహ్మణ పిల్లల హాస్టల్ వద్దంది. బ్రాహ్మణేతర పిల్లల హాస్టలూ వద్దంది. చివరికి వాళ్ళని తన ఇంట్లోనే ఉంచుకుంది. అవ్వై హోమ్ అలా పుట్టింది. ముత్తులక్ష్మి తల్లి దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినావిడ. ఆ పిల్లలు ఎవరి తాలూకో ఆమెని అడగవలసిన పని లేకపోయింది.

అదే మద్రాసులో, దానికి కొంచెం ముందు, 1920లలో మన కళావంతుల కుటుంబం నుంచి వచ్చిన యామినీ పూర్ణతిలకం హిందూ యువతీ శరణాలయం నడిపింది. దరిశి చెంచయ్య 'నేనూ - నా దేశం'లో ఆ ప్రయత్నాల గురించి రాశారు. ఆ పేరు చూడండి. వితంతు శరణాలయం కాదు, అనాథ శరణాలయం కాదు, యువతీ శరణాలయం. వయసులో ఉన్న ఆడపిల్ల కావడమే నీడ అవసరమవడానికి చాలినంత కారణం అని గుర్తించిన పేరు. మన సాహిత్య చరిత్రల్లో ఆమెకి దక్కింది ఒకటి రెండు వాక్యాలు. వీరేశలింగం గారి తోటకీ, సమాధికీ మనం యాత్రలు చేస్తాం. యామినీ పూర్ణతిలకం నడిపిన ఇల్లు ఏ వీధిలో ఉండేదో చెప్పే ఫలకాన్ని నేను మద్రాసులో చూడలేదు.

మధురవాణి పూనా వెళ్ళలేదు. కానీ మధురవాణులు తమ ఇల్లు తామే కట్టుకున్నారు.

* * *

గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదా నికేతనం స్థాపించారు. 'మాలపల్లి' రచయితగా ఆయన్ని తలుచుకునే మనం, ఆ నికేతనాన్ని నడిపిన లక్ష్మీబాయమ్మని 'వారి సతీమణి' దగ్గరే ఆపేస్తాం. బసతో పాటు చదువూ, చేతిపనీ నేర్పిన చోటు అది. దుర్గాబాయి ఇంకో అడుగు వేసింది. ఎనిమిదో ఏట అయిన పెళ్ళిని కాదనుకుని బయటపడిన మనిషి ఆమె. మైలాపూరులో ఆడపిల్లలకి బెనారస్ మెట్రిక్ పరీక్షకి పాఠాలు చెబుతూ మొదలుపెట్టిన పని 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. బడికి వెళ్ళే వయసు దాటిపోయినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, మొగుణ్ణి వదిలేసినవాళ్ళు రెండు మూడేళ్ళలో పరీక్ష గట్టెక్కి ఉద్యోగం వెతుక్కోవాలి, ఆ రెండు మూడేళ్ళూ నీడ కావాలి. నీడ, సర్టిఫికెట్టు, జీతం. ఈ మూడూ ఒక తాడులో పేనింది ఆమె. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యాక 1958లో దేశమంతటా వచ్చిన సంక్షిప్త విద్యా కోర్సులు ఈ మైలాపూరు పాఠం పెద్ద అక్షరాల్లో రాయడమే.

నాకు ఈ మొత్తం చరిత్రలో అతి తక్కువ అద్దె అడిగిన ఇల్లు ఇదే అనిపిస్తుంది. పెళ్ళి చేసుకో అనలేదు. మతం మారమనలేదు. చదువు, వెళ్ళు అంది.

* * *

స్వతంత్రం వచ్చాక నీడనిచ్చే పని సర్కారు చేతికి వెళ్ళింది. సాంఘిక సంక్షేమ బోర్డు 1950ల మధ్యలో రెండు కమిటీలు వేసింది. ఒకటి ధన్వంతి రామారావు అధ్యక్షతన సాంఘిక, నైతిక ఆరోగ్యం మీద. రెండోది ఎం.ఎస్. గోరే అధ్యక్షతన, జైళ్ళ నుంచీ సంస్థల నుంచీ బయటికి వచ్చినవాళ్ళ తదనంతర సంరక్షణ మీద. స్టేట్ హోములూ జిల్లా షెల్టర్లూ ఈ ఆలోచనల్లోంచి వచ్చాయి. 1956లో అనైతిక వ్యాపార నిరోధక చట్టం వచ్చి రక్షణ గృహాలని తెచ్చింది. చూశారా, ఇల్లు లేకపోవడం, నేరం చేయడం, 'చెడిపోవడం' ఒకే ఫైల్లోకి ఎలా వచ్చి చేరాయో! మగపిల్లాడు ఇల్లు వదిలి వెళ్తే పారిపోయాడంటారు. ఆడపిల్ల వెళ్తే లేచిపోయిందంటారు. భాషలో ఉన్నదే ఫైల్లోకి వచ్చింది.

మా అమ్మమ్మ కోపమొస్తే "హోములో పడేస్తా జాగ్రత్త" అనేది. ఆశ్రయం ఒక బెదిరింపు మాట ఎప్పుడైంది? తలుపుకి తాళం బయటి నుంచి వేసినప్పుడు. 1981లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్ ఆగ్రా రక్షణ గృహంలోని స్త్రీల స్థితి గురించి సుప్రీంకోర్టుకి ఉత్తరం రాస్తే అదే కేసయింది. అది రక్షణా, ఖైదా అన్నది అక్కడి ప్రశ్న. 2018లో బీహార్ ముజఫర్‌పూర్ బాలికల గృహంలో జరిగిన అత్యాచారాలు బయటపడింది కూడా ఒక సామాజిక తనిఖీ బృందం వెళ్ళి ఆ పిల్లలతో మాట్లాడబట్టే. అప్పటిదాకా కాగితాల మీద అది ఆశ్రయమే. పిల్లల్ని అడిగినప్పుడు నిజం తెలిసింది. అడగడానికి అంతకాలం పట్టింది.

సర్కారు మెత్తని తలుపులు కూడా కొన్ని తెరిచింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. 1969లో స్వల్పకాలిక వసతి గృహాలు, 1972-73లో ఉద్యోగినుల హాస్టళ్ళ పథకం, 2001-02లో స్వాధార్. 2022 నుంచి మిషన్ శక్తి కింద పాత స్వాధార్ గృహాలు శక్తి సదన్‌లయ్యాయి, ఉద్యోగినుల హాస్టళ్ళు సఖి నివాస్‌లయ్యాయి. పేర్లు మారుతూ వచ్చాయి. గుమ్మం దగ్గర అడిగే మాట అంతగా మారలేదు.

* * *

ఇంతకీ ఇల్లున్న పిల్లకి వేరే ఇల్లెందుకు అని అడుగుతారు. ఇల్లుందా? 1956 హిందూ వారసత్వ చట్టం కూతురికి తండ్రి ఆస్తిలో వాటా ఇచ్చింది, నిజమే. కానీ దాని 23వ సెక్షన్ నివాస గృహం దగ్గరికి వచ్చేసరికి మగ వారసులు పంచుకుందామనేదాకా కూతురు పంపకం అడగకూడదంది. అందులో ఉండే హక్కు ఎవరికి? పెళ్ళి కాని కూతురికి, మొగుడు వదిలేసిన లేదా మొగుడి నుంచి విడిపోయిన కూతురికి, వితంతువుకి. అంటే పుట్టిన ఇంట్లో పడుకోవడానికి అర్హత, ఏ మగవాడూ లేకపోవడం! 2005లో ఆ సెక్షన్ని ఎత్తేశారు. మన రాష్ట్రంలో కూతుళ్ళకి పూర్వికుల ఆస్తిలో సమాన హక్కునిచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచే అమల్లోకి వచ్చింది, గర్వించదగ్గదే. కానీ అప్పటికే పెళ్ళయిపోయినవాళ్ళని అదీ బయట పెట్టింది.

2005 గృహహింస చట్టం ఉమ్మడి గృహంలో నివసించే హక్కు గురించి మాట్లాడింది. అది కోడళ్ళకే కాదు, కూతుళ్ళకీ వర్తిస్తుందని మనలో చాలామందికి తెలీదు. అత్తమామల పేరనున్న ఇల్లు ఉమ్మడి గృహం కాదని 2006లో సుప్రీంకోర్టు అంటే, 2020లో సతీష్ చందర్ అహుజా కేసులో అదే కోర్టు ఆ మాట సరిదిద్దుకుంది. ఇవన్నీ గెలుపులే. కానీ మా గుమ్మంలో నిలబడ్డ పిల్లకి కావలసింది ఆ ఇంట్లో ఉండే హక్కు కాదు, ఆ ఇంట్లో లేకుండా ఉండగలిగే హక్కు. దానికి చట్టంలో సెక్షన్ లేదు.

పద్దెనిమిది లోపు పిల్లలకి 1098 ఉంది, బాలల సంక్షేమ కమిటీ ఉంది, బాలసదనం ఉంది. అక్కడ పెరిగిన పిల్లలకి పద్దెనిమిది నిండాక 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం తదనంతర సంరక్షణ ఉంది, ఇరవై ఒకటి దాకా, అసాధారణ పరిస్థితుల్లో ఇరవై మూడు దాకా. మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయలు. నగరంలో ఆ డబ్బుతో ఒక మంచం దొరకడమే కష్టం. అయినా అది ఒక ఆసరా. కానీ ఇంట్లోనే పెరిగి, ఇరవయ్యో ఏట ఇల్లు వదిలిన పిల్ల దీని కిందికి రాదు. ఆమెకి 181 ఉంది. జిల్లాకొక సఖి కేంద్రం ఉంది, అక్కడ ఐదు రోజుల దాకా తలదాచుకోవచ్చు. ఆ తర్వాత శక్తి సదన్. అక్కడ చోటుండాలి, తను 'ఆపదలో ఉన్న స్త్రీ' అని రుజువవ్వాలి. సఖి నివాస్ ప్రధానంగా ఉద్యోగం ఉన్నవాళ్ళకి. ఉద్యోగం కావాలంటే చదువు పూర్తవ్వాలి. చదువు పూర్తవ్వాలంటే ఉండటానికి చోటు కావాలి. దుర్గాబాయి పేనిన తాడు మళ్ళీ విడిపోయింది. మూడు పోగులు మూడు శాఖల దగ్గరున్నాయి.

2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 12వ సెక్షన్ చదివినప్పుడు ఇదే బొమ్మ ఇంకా స్పష్టంగా కనబడింది. కుటుంబంతో కలిసి ఉండే హక్కు ఇచ్చింది. కుటుంబం చూసుకోలేకపోతే కోర్టు పునరావాస కేంద్రంలో ఉంచమని ఆదేశిస్తుంది. కుటుంబం లేకపోతే కేంద్రం. ఇంటి నుంచి తరిమేస్తే అక్కలు, గురువులు, స్నేహితులు ఒక గదిలో చేర్చుకుని బతికించే పద్ధతి హిజ్రాల దగ్గర ఎంత కాలంగానో ఉంది. ఆ ఇంటికి చట్టం దగ్గర పేరు లేదు.

ఇక లెక్కలు. 2011 జనగణన దేశంలో ఇల్లు లేనివాళ్ళు 17.7 లక్షల మంది అంది. రోడ్డు పక్కన, ఫ్లైఓవర్ల కింద, గుడి మంటపాల్లో, ప్లాట్‌ఫారాల మీద ఉన్నవాళ్ళు వీళ్ళు. పిన్ని ఇంట్లో వంటింటి గట్టు కింద పడుకుని పొద్దున్నే అందరికంటే ముందు లేచి చాకిరీ చేసే పిల్ల ఈ లెక్కలో రాదు. సెలవులకి హాస్టల్ మూసేస్తే స్నేహితురాళ్ళ ఇళ్ళ మధ్య వారం వారం మారే పిల్ల రాదు. ఆడపిల్ల రోడ్డు మీద పడుకోదు. పడుకోవడం ప్రమాదం కాబట్టి ఏదో ఒక ఇల్లు పట్టుకుని వేలాడుతుంది. ఆ ఇంట్లో ఏం భరిస్తుందో అదే అద్దె.

* * *

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రాత్రి ఆ అమ్మాయి బకెట్టు కింద పెట్టాక నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో చెప్పే వచ్చావా?" రెండోది, "నాలుగు రోజులు వెళ్ళి అమ్మతో నెమ్మదిగా మాట్లాడకూడదూ?" పితృస్వామ్యం మీద పత్రాలు చదివిన నోటితోనే ఆ మాటలన్నాను. నాకు భయం వేసింది. వాళ్ళ నాన్న వస్తే? ఇంటివాళ్ళు అడిగితే? ఉద్యోగానికి ఏమైనా అయితే? రాజ్యలక్ష్మమ్మకి ఇలాంటి భయం వేయలేదని నేననుకోను. భయంతోనే బిందె ఎత్తుకుని ఉంటుంది.

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. బకెట్టు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆ కదలిక చూశాక నేను పక్కకి జరిగి దారిచ్చాను.

నలభై రోజులు మా ఇంట్లో ఉంది. తర్వాత ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో చేరింది. ఫారంలో సంరక్షకుల సంతకం, పక్కన 'సంబంధం' అని ఒక గడి. నేను 'అధ్యాపకురాలు' అని రాశాను. అలా కుదరదండీ, సొంతవాళ్ళయి ఉండాలి అన్నారు. కొట్టేసి 'పిన్ని' అని రాశాను. వెంటనే మంచం ఇచ్చారు. ఆ అబద్ధం నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. అబద్ధమాడినందుకు కాదు. నూట నలభై ఏళ్ళ సంస్కరణ, అరడజను చట్టాలు, ఇన్ని పథకాలు గడిచాక కూడా ఆ పిల్లకి మంచం ఇప్పించింది ఒక చుట్టరికపు మాట. ఆమె మేజరు, చదువుకుంటోంది, డబ్బు కడతానంటోంది. అవేవీ ఆ గడిలో పట్టలేదు.

ఇతర మార్గాలు లేవని కాదు. కలకత్తాలో సిస్టర్ సిరిల్ లొరెటో సియాల్దా బడి తలుపుల్ని వీధి బాలికల కోసం తెరిచి, బడినే ఇల్లు చేసింది. ఆ స్ఫూర్తితో హైదరాబాదులో కూడా ప్రభుత్వ బడుల్లో వాడకుండా ఉన్న గదులు రెయిన్‌బో హోములయ్యాయి. ఊరి బయట ప్రహరీ కట్టి వేరే ఆశ్రమం పెట్టలేదు. ఊరి మధ్య ఉన్న బడిలోనే, మిగతా పిల్లలు చదువుకునే చోటే, ఇల్లు పెట్టారు. ఇది కాలేజీలు ఎందుకు చేయకూడదు? వేసవిలో ఖాళీగా తాళం పడి ఉండే హాస్టళ్ళలో ఇంటికి వెళ్ళలేని పదిమంది కోసం ఒక వరస గదులు తెరిచి ఉంచడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. సంరక్షకుల సంతకం లేకుండా మేజరైన విద్యార్థిని తన పేరు మీద తానే మంచం తీసుకునే ఫారం ఒకటి అచ్చు వేయడానికి పెద్ద నిధులూ అక్కర్లేదు. మా కాలేజీలో ఈ రెండూ అడిగాం. మొదటిదానికి పరిశీలిస్తామన్నారు. రెండోదానికి, రేపు ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిది అన్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, ఇంకో ఇద్దరితో కలిసి అద్దెకుంటోంది. వాళ్ళమ్మ పోయిన సంక్రాంతికి వచ్చి రెండు రోజులుండి వెళ్ళిందట. "ఇంకో రోజు ఉంటానంది మేడమ్, నాన్న ఫోన్ చేశారు" అంది.

ఈ ఏడాది మళ్ళీ 'కన్యాశుల్కం' చివరి రంగం చెప్పాను. ఈసారి పుస్తకం వెంటనే మూయలేదు. హింగణే గురించి, రాజ్యలక్ష్మమ్మ గురించి, యామినీ పూర్ణతిలకం గురించి చెప్పాను. బోర్డు మీద 181 అని రాశాను, మా జిల్లా సఖి కేంద్రం ఎక్కడుందో చెప్పాను, అక్కడికి వెళ్తే ఏమేం అడుగుతారో, ఏ కాగితాలు దగ్గరుంచుకోవాలో చెప్పాను. పరీక్షలో రాని విషయం కదా, చాలామంది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ముగ్గురు మాత్రం తల వంచుకుని నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నారు.

ఎందుకు రాసుకుంటున్నారని నేను అడగలేదు.